గుత్తి బీర, చివరి సంచిక

మా కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజు మా అత్త పొయ్యి వైపు చూస్తూ ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంది.

విమానాశ్రయం తెరిచిన ఏడాదే మేము శంషాబాద్‌లో ఇల్లు కట్టుకుని దిగాం. మా భూమీ, ఊళ్ళో ఇల్లూ అంతకుముందే దాని కింద పోయాయి. ఆ మధ్యకాలమంతా తీగ పాకించడానికి జానెడు చోటు లేని కిరాయి ఇంట్లో గడిపాం. గృహప్రవేశం నాడు పంతులు పొయ్యిలోకి పిడకలు అడిగాడు. పిడకలు తేవాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. నా భర్త సామాన్ల మధ్య వెతికి, ఒక గోనెసంచిలో ఉన్న పిడకలు తెచ్చి ఇచ్చాడు. మంట అంటుకున్న కాసేపటికి పొయ్యిలో చిటచిటమని చప్పుడు మొదలైంది. అందరూ కట్టె పచ్చిదనుకున్నారు. అది కట్టె చప్పుడు కాదని మా అత్తకు తెలుసు.

బీర, సొర, గుమ్మడి గింజలను పచ్చి పేడలో అద్ది, పిడక చేసి గోడకు కొట్టి ఎండబెట్టడం మా వైపు పాత అలవాటు. అలా దాస్తే గింజకు పురుగు పట్టదు. తొలకరికి ఆ పిడకను విరిచి ముక్కను అలాగే నేలలో పెడితే ఎరువూ విత్తనమూ ఒకేసారి పడతాయి. ఆ సంచిలో ఉన్నవి మా అత్త దాచిన గుత్తి బీర గింజలు. పాలు పొంగే వేళ చెడు మాట అనకూడదు కాబట్టి ఆమె నోరు మూసుకుని కూర్చుంది. పాలు పొంగాయి, అందరం దండం పెట్టుకున్నాం. అప్పుడు కొడుకును పిలిచింది.

"ఇత్తులు కాల్చి పాలు పొంగిచ్చినవ్ బిడ్డా. జర నన్ను అడిగితే గాకపోవునా?"

మా ఆయన పుల్లతో ఆ బూడిద కదిపి చూశాడు. తరవాత చుట్టాలందరినీ అడిగి చూశాడు. ఊరు చెదిరిపోయింది, ఒకరు మైలార్‌దేవ్‌పల్లిలో ఉంటే ఇంకొకరు గగన్‌పహాడ్‌లో ఉన్నారు. ఎవరి దగ్గరా ఆ గింజ లేదు.

ఆ గుత్తి బీర బజారులో దొరికే బీర లాంటిది కాదు. వేలెడంత కాయలు గుత్తులు గుత్తులుగా, కొనలు పైకి చూస్తూ కాస్తాయి. పీచు ఉండదు, చెక్కు తీయక్కర లేదు. మా అత్త పెళ్ళై వచ్చినప్పుడు తల్లిగారింటి నుంచి కొంగున కట్టుకుని తెచ్చిన గింజ అది. పిడకలు కాలిపోయిన తరవాత ప్రతి ఏడాదీ మృగశిర కార్తె రాగానే ఆమె ఆకాశం చూసి ఒకే మాట అనేది: "గా తీగె నాతోనే పోతదా ఏంది?" కోపంగా అనేది కాదు. వాన వస్తుందా రాదా అని అడిగినట్టు అనేది.

నేను అప్పటికి విమానాశ్రయం దారిలో మొక్కల పని చేస్తున్నాను. రోడ్డు మధ్యలో పెట్టిన మొక్కలకు నీళ్ళు పట్టడం, కలుపు తీయడం. అక్కడ పూసేవే తప్ప కాసేవి ఒక్కటీ ఉండవు. పొద్దుటి షిఫ్టు అయిపోయి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేదాన్ని. మా పై పోర్షన్‌లో కోస్తా వైపు నుంచి వచ్చిన ఒకావిడ కిరాయికి ఉండేది. ఆమె భర్తది విమానాశ్రయంలో ఉద్యోగం. ఆమెకు మొక్కలంటే ప్రాణం. మేడ మీద రంగు డబ్బాల్లో వంకాయలు పండించేది. నెలనెలా పెరటి తోటల పుస్తకం ఒకటి తెప్పించుకునేది. నేను ఆమెను మేడమ్ అనేదాన్ని, ఆమె నన్ను మీరు అనేది.

ఒకరోజు ఆ పుస్తకం అట్ట మీద సొరకాయ బొమ్మ చూసి లోపల ఏముందని అడిగాను. చదివి వినిపించింది. మర్నాడు మళ్ళీ అడిగాను. నాలుగోసారో ఐదోసారో ఆమె నవ్వి, "నేను చదవడం, మీరు వినడం ఎన్నాళ్ళండీ? మీరే చదువుకోండి. అక్షరాలు నేను చెబుతాను," అంది. నాకు అప్పటికి మనవరాలు పుట్టింది. ఈ వయసులో చదువేమిటని సిగ్గుపడ్డాను. కానీ ఆ పుస్తకం చివర ఒక పేజీ ఉందని ఆమె అంతకుముందే చెప్పింది. పాఠకులు తమ దగ్గర ఉన్న విత్తనాల గురించి, తమకు కావలసిన వాటి గురించి అందులో రాస్తారు. ఇంటి చిరునామాలు అచ్చు వేయరు, ఊరి పేరు మాత్రమే వేస్తారు. విత్తనం కావలసినవాళ్ళు స్టాంపు అంటించిన కవరు పట్నంలోని ఆఫీసుకు పంపితే, వాళ్ళు దాన్ని విత్తనం ఉన్నవాళ్ళకు చేరుస్తారు. ఆ పేజీ కోసమే నేను పలక పట్టాను.

నా చదువు కూరగాయలతో మొదలైంది. బీర, కాకర, దోస అని పెద్ద అక్షరాల్లో ఉన్న శీర్షికల మీద వేలు పెట్టి చదివేదాన్ని. బొమ్మ చూసి చెబుతున్నానని అనుమానం వచ్చి మేడమ్ బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టేది. బొమ్మ లేకుండా నేను మొదట చదివిన మాట 'ఎరువు'. ఒత్తులు, గుణింతాలు కుదరడానికి చాలా కాలం పట్టింది. మా అత్త మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నా చదువు వినేది. నేను తడబడితే, "కానియ్ పిల్లా, గింజ మొలుస్తలేదా, జర ఆలస్యమైతది," అనేది.

చదవడం వచ్చాక బస్టాండు దగ్గరి పుస్తకాల దుకాణానికి నేనే వెళ్ళడం మొదలుపెట్టాను. ఆ దుకాణం ముందు తాళ్ళకు క్లిప్పులు పెట్టి పుస్తకాలు వేలాడదీసేవారు. ముగ్గుల పుస్తకాలు, అల్లికలవి, కుట్లవి, వంటలవి, స్టాంపులు పోగుచేసేవాళ్ళ కోసం ఒకటి, చేపల తొట్లు పెట్టుకునేవాళ్ళ కోసం ఒకటి. మనుషులకు ఇన్ని రకాల ఇష్టాలు ఉంటాయని నాకు ఆ తాళ్ళను చూసే తెలిసింది. వాటి కింద నిలబడి పేర్లన్నీ కూడబలుక్కుని చదివి, మా పుస్తకం ఒక్కటి కొనుక్కుని వచ్చేదాన్ని.

ముందు మేడమ్ చందా ఆపేసింది. ఆమెకు కొత్త ఫోన్ వచ్చింది, తోటల వీడియోలు అందులోనే కనిపిస్తున్నాయి. తరవాత ఆ తాళ్ళ మీద క్లిప్పులు ఖాళీ అవసాగాయి. అల్లికల పుస్తకం పోయింది. చేపలది పోయింది. వాటి చోట ఫోన్ కవర్లు వేలాడదీశారు. మా పుస్తకం సన్నబడింది, లోపలి రంగులు పోయాయి. ఒకసారి రెండు నెలలకు కలిపి ఒకే సంచిక వచ్చింది. దుకాణం అతన్ని అడిగితే రీచార్జి చేస్తూనే చెప్పాడు: "అక్కా, నువ్వొక్కదానివే అడుగుతున్నవ్. నీ కోసమే ఒకటి తెప్పిస్తున్న."

అప్పుడు నాకు తొందర పుట్టింది. ఒక కార్డు కొని, మేడమ్ సాయం తీసుకోకుండా ఆ చివరి పేజీకి నేనే రాశాను. గుత్తి బీర విత్తనం కావాలని, కాయ ఎలా ఉంటుందో, మా అత్త దానికోసం ఎలా ఎదురుచూస్తోందో రాశాను. ముఖం తెలియనివాళ్ళకు నేను రాసిన మొదటి ఉత్తరం అది. మేడమ్ కూడా ఊరుకోలేదు, ఫోన్లో తోటలవాళ్ళ గుంపులో అడిగింది. చాలామంది వెంటనే బదులిచ్చారు. చిన్నప్పుడు తిన్నామని కొందరు, భలే ఉంటుందని కొందరు, ఉత్త బొటనవేలు బొమ్మ పెట్టి కొందరు. ఒకరు పొట్లం అమ్ముతామంటే తెప్పించాం. మొలిస్తే మూరెడు పొడుగు కాయలు కాశాయి. మా అత్త ఒకటి తుంచి, విరిచి చూసి, "ఇది మంచిదే. మనది గాదు," అని కూరకు ఇచ్చింది.

కార్డు రాసిన చాలా నెలలకు, వానాకాలం వెళ్ళిపోతున్న రోజుల్లో, దుకాణం అతను పిలిచి మరీ సంచిక ఇచ్చాడు. వెనక పేజీ తిప్పాను. శంషాబాద్ సోదరి అడిగిన గుత్తి బీర తమ పెరట్లో ఉందని, కాయలు ఎండుతున్నాయని ఎవరో రాశారు. ఊరి పేరు కొత్వాల్‌గూడ. ఆ మాటలు అక్కడే దుకాణం ముందు ఇంకోసారి చదివాను. ఇంటికి వచ్చి మిగతా పేజీలు చదువుతుంటే మొదటి పేజీలో సంపాదకుడి మాట కనిపించింది. ఇదే చివరి సంచిక.

స్టాంపు అంటించిన కవరు ఆ రోజే ఆఫీసుకు పంపాను. కొన్నాళ్ళకు అది తిరిగి వచ్చేసింది. ఆ చిరునామాలో ఎవరూ లేరని దాని మీద రాసి ఉంది. మా అత్తకు అది చూపించి, ఇక దారి లేదన్నాను. ఆమె ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొత్వాల్‌గూడ ఏమన్న దిల్లీల ఉన్నదా? పా, పోదాం."

ఆటోలో వెళ్ళాం. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో నాకు తెలియలేదు. మా అత్త ఎవరినీ అడగలేదు. వీధి వెంట నడుస్తూ గోడలు, పందిళ్ళు చూస్తూ పోయింది. ఒక ఇంటి ముందు ఆగి తల ఎత్తింది. ప్రహరీ మీదుగా వీధిలోకి ఒంగిన తీగ సగం ఎండింది. దానికి గుత్తులుగా ఎండిన కాయలు, ఇంకా కొనలు పైకే చూస్తూ. ఆమె చెయ్యి చాచి ఒక గుత్తిని ముట్టుకుంది కానీ తెంపలేదు.

ఆ ఇంటి పెద్దమనిషి హిమాయత్‌సాగర్ గేట్ల దగ్గర పనిచేసి రిటైరైనవాడు. కంటికి ఆపరేషన్ అయి పచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను ఫలానా అని చెప్పగానే ఆయన మొదట అడిగింది విత్తనం సంగతి కాదు.

"ఈ నెల పుస్తకం వచ్చిందా బిడ్డా? మా పిల్లగాండ్లను అడిగితే దొరుకుత లేదంటున్నరు."

నా సంచిలో ఆ సంచిక ఉంది. తీసి ఇచ్చాను. ఆయన అట్టను చేత్తో తడిమి మళ్ళీ నాకే ఇచ్చి, చదవమన్నాడు. ఇంటి బయట ఒక మగమనిషి ముందు నేను చదవడం అదే మొదలు. సంపాదకుడి మాట తీశాను. కాగితం ధర పెరిగిందనీ, చదివేవాళ్ళు తగ్గారనీ, ఇకమీదట ఇంటర్నెట్‌లో కలుసుకుందామనీ. మధ్యలో రెండు చోట్ల ఆగాను. ఆయన తొందరపెట్టలేదు. పైన విమానం పోతుంటే ఇద్దరం అది దాటేదాకా ఆగాం. అయిపోయాక ఆయన చెయ్యి చాచి పుస్తకం తీసుకున్నాడు.

"నేను నెలనెలా కార్డు రాసెటోణ్ణి. నాకు ఇంట్ల ఎవరు మాట్లాడెటోళ్ళు లేక గాదు. చెట్ల ముచ్చట ఎవరింటరు చెప్పు? ఇగ ఎవరికి రాయాలె?"

మా అత్త అందుకుంది.

"అన్నా, మేం గాడ, నువ్వు గీడ. నడుమ పట్నం దాక ఉత్తరాలు రాస్తిరి మీరిద్దరు. గోడ మీదికెల్లి ఒక్క కూత పెడితే మాకినపడకపోవునా?"

ఆయన పచ్చ గుడ్డ కింద నుంచి నవ్వాడు. "నువ్వున్నవని నాకెట్ల ఎరుక అక్కా?"

నిజమే. అటు ఆయనకూ ఇటు మాకూ మధ్య ఉన్నది ఆ పేజీ ఒక్కటే. ఎండిన కాయలు ఆయనే తన కోడలితో తెంపించి మా అత్త కొంగులో పోయించాడు. పుస్తకం నేను అక్కడే ఉంచి వచ్చాను. కన్ను బాగయ్యాక చదువుకుంటాడు.

తెలంగాణ వచ్చిన ఏడాది తొలకరికి వాటిని ఇంటి వెనక పెట్టాం. తీగ మేడ ఎక్కింది. మేడమ్ ఫొటో తీసి ఫోన్లో పెడితే విత్తనం కావాలని చాలామంది అడిగారు. ఎక్కడివాళ్ళని మా అత్త అడిగింది. తెలియదండీ అంది మేడమ్. "గట్లయితే ఇంటికి రమ్మను," అంది మా అత్త. ఇద్దరు ముగ్గురు నిజంగానే వచ్చి గింజలు తీసుకుపోయారు. మొదటి కాపు కొత్వాల్‌గూడ పెద్దమనిషికి పంపాం. అప్పుడప్పుడు ఆయనకు ఒక కార్డు రాస్తున్నాను. తీగ సంగతులు, అంతే. ఆయనా రాస్తాడు.

విత్తనానికి వదిలిన కాయలు ఎండాక మా అత్త పేడ తెప్పించింది. గింజలు అద్ది, పిడకలు చేసి వెనక గోడకు కొట్టింది. అవి ఇంకా పచ్చిగా ఉండగానే నేను ఒక పుల్ల తీసుకుని ఒక్కో పిడక మీద అక్షరాలు గీశాను. మా అత్త వచ్చి చూసింది.

"ఏం రాసినవ్?"

"కాల్చొద్దని రాసిన అత్తమ్మా."

ఆమె గోడ వైపు చూసి, వాకిట్లో కూర్చుని టీ తాగుతున్న కొడుకు వైపు చూసింది.

"రాసి ఏం ఫాయిద? వానికి చదువొస్తదా?"

మా ఆయన గ్లాసు పక్కన పెట్టి, తన గురించేనా అని అడిగాడు. నేను మళ్ళీ పుల్ల తీసుకుని, ఒక్కో పిడక మీద ఆ అక్షరాల కింద ఒక బీరకాయ బొమ్మ గీశాను.