సిటిజన్ అన్నచోట, పర్సన్ అన్నచోట

రెండువేల పదుల మధ్యలో ఒక ఆగస్టు నెలలో నేను జార్జియా రాష్ట్రం కమ్మింగ్‌లోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదకొండో తరగతికి అమెరికా చరిత్ర చెప్పే టీచరుగా చేరాను. అంతకుముందు పక్క కౌంటీలో మిడిల్ స్కూల్ పిల్లలకి సోషల్ స్టడీస్ చెప్పేదాన్ని. గుంటూరులో చరిత్రలో ఎం.ఏ. చేసి, పెళ్లయి ఈ దేశం వచ్చాను. ఇక్కడ టీచర్లకి రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. దాని కోసం మళ్లీ కాలేజీకి వెళ్లి చదివాను. చీర కట్టుకునే ఊళ్లో చదివిన చరిత్ర వేరు, ఇక్కడి పిల్లలకి వాళ్ల దేశపు చరిత్ర నేను చెప్పడం వేరు. ఆ జంకు మొదటి రోజుల్లో బాగానే ఉండేది.

దాన్ని పోగొట్టినావిడ మిసెస్ పార్కర్. మా సోషల్ స్టడీస్ విభాగానికి ఆవిడ డిపార్ట్‌మెంట్ చెయిర్. అంటే తనూ పాఠాలు చెబుతూ, మిగతా టీచర్ల పాఠాలు ఎలా నడుస్తున్నాయో చూసుకునే మనిషి. దక్షిణాది యాసలో నెమ్మదిగా మాట్లాడేవారు. నేను చేరిన వారంలోనే ఒక పెట్టెనిండా జిరాక్స్ కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పాత చట్టాలు, అర్జీలు, వేలం ప్రకటనలు, రాజ్యాంగం ముసాయిదాలు. వీటిని మా వృత్తిలో ప్రైమరీ సోర్సులు అంటాం. ఫలానా కాలం గురించి తరవాతివాళ్లు రాసింది కాకుండా, ఆ కాలంలో ఉన్నవాళ్లే రాసిపెట్టిన మూల పత్రాలన్న మాట. పాఠ్యపుస్తకం ఒకరు వండి వడ్డించిన అన్నం. ఇవి బియ్యం.

ఆవిడ నాకు చెప్పిన పద్ధతి ఒక్కటే. కాగితం ఏమంటోందో పిల్లలు చెప్పేదాకా, దాని అర్థం ఏమిటో టీచరు చెప్పకూడదు. ముందు మాటలు చదవాలి. తరవాత ఎవరు, ఎవరికి, ఎందుకు రాశారో అడగాలి. అభిప్రాయాలు ఆఖరున. వినడానికి తేలిక. క్లాసులో నోరు మూసుకుని నిలబడటం ఎంత కష్టమో టీచర్లకే తెలుస్తుంది.

ఆ ఏడు నా క్లాసులో దాదాపు సగం మంది మనవాళ్ల పిల్లలే. అక్టోబరులో 1790 నాటి పౌరసత్వ చట్టం ఇచ్చాను. కొత్త దేశం మొదటిసారి పరాయివాళ్లని పౌరులుగా చేర్చుకోవడానికి పెట్టుకున్న నియమం అది. రెండేళ్లు ఇక్కడ నివసించిన వాళ్లు అడగవచ్చు, కానీ వాళ్లు స్వతంత్రులైన తెల్లవాళ్లై ఉండాలి. కిటికీ పక్కన కూర్చునే హాసిని అనే అమ్మాయి, ఇందులో రెండేళ్లు అని ఉంది కదా, అంటే క్యూ లేదా అని అడిగింది. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. వాళ్ల నాన్న హెచ్-1బి వీసా మీద పనిచేస్తూ గ్రీన్ కార్డు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నారని, తనకి ఇరవై ఒకటి నిండితే ఆయన దరఖాస్తులోంచి తన పేరు జారిపోవచ్చని నాకు తరవాత తెలిసింది.

మా రాష్ట్రంలో హైస్కూలు పిల్లలకి ఒక పోటీ జరుగుతుంది. చట్టసభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పినట్టు, పిల్లల జట్టు ఒక ప్యానెల్ ముందు కూర్చుని రాజ్యాంగం గురించి మాట్లాడుతుంది. ముందు రాసుకొచ్చిన ప్రకటన చదవాలి. ఆ తరవాత ప్యానెల్ అడిగే ప్రశ్నలకి కాగితం చూడకుండా జవాబు చెప్పాలి. అసలు పరీక్ష ఆ రెండో భాగమే. మా జట్టులో పౌరసత్వం గురించిన భాగం హాసినికి ఇచ్చాను. ఆమె తయారుచేసిన ప్రకటనలో నేను కామాలు తప్ప ఏమీ మార్చలేదు.

జనవరిలో ఒకరోజు క్లాసు అయ్యాక హాసిని వెళ్లకుండా ఆగింది. బడిలో నన్ను మిసెస్ రావు అనేది, ఆరోజు మర్చిపోయింది.

"ఆంటీ, నేను చెయ్యను. నాన్న నో అన్నారు. నేను స్టేజ్ మీద టాక్ చేస్తే ఎవరైనా రికార్డ్ చేస్తారు అంట. మా ఫైల్‌కి బ్యాడ్ అంట."

తండ్రిని కలుస్తానన్నాను. మరుసటి వారం ఆయనే వచ్చారు. పేరు వెంకటరమణ, కరీంనగర్ వైపు వారు, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఆఫీసు బ్యాడ్జి మెడలోనే ఉంది. పిల్లలు కూర్చునే కుర్చీలో ఇరుకుగా కూర్చున్నారు.

"మీకు తెల్వనిది ఏముంది మేడమ్. మా గ్రీన్ కార్డ్ ఫైల్ పెండింగ్‌ల ఉంది. ఏండ్ల సంది క్యూల ఉన్నం. ఈ పిల్ల పోయి జడ్జిల ముందట ఇమ్మిగ్రేషన్ గురించి ఆర్గ్యూ చేస్తనంటది."

"అది నిజం కోర్టు కాదండీ. పిల్లల పోటీ."

"నాకు తెలుసు మేడమ్. చూసేటోళ్లకు తెల్వాలె కదా. రేపు ఎవరన్న వీడియో తీసి పెడితే?"

మాట్లాడే హక్కు గురించి నేను ఏదో మొదలుపెట్టాను. ఆయన మర్యాదగా విని, తల అడ్డంగా ఊపారు.

"కాగితం మీద ఉన్నది వేరే, కౌంటర్ కాడ కూసున్న ఆఫీసర్ చేసేది వేరే. ఏం కాదని మీరు గ్యారంటీ ఇస్తరా?"

"ఇవ్వలేనండీ," అన్నాను.

ఆయన లేచి నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. కోపంగా వెళ్లలేదు. అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది. వీసా మీద ఉన్న రోజుల్లో ప్రతి ప్రభుత్వ కవరూ విప్పేముందు నాకూ చెమటలు పట్టేవి. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను.

మిసెస్ పార్కర్‌కి చెప్పాను. ఆ తండ్రి వెంట పడవద్దన్నారు. అమ్మాయిని జట్టులోంచి తీసెయ్యవద్దని, పరిశోధన చేసే పని ఆమెకే ఉంచమని, మాట్లాడే పని ఇంకొకరికి ఇమ్మని సలహా ఇచ్చారు. అలాగే ఎమిలీ అనే అమ్మాయికి ఇచ్చాను. హాసిని రోజూ లంచ్ అప్పుడు కూర్చుని ఎమిలీకి తన ప్రకటన నేర్పేది. ఎమిలీ తెలివైన పిల్ల. మాటలన్నీ పట్టుకుంది. కానీ ఒకరోజు నా దగ్గరికి వచ్చి, హాసిని మాటలు నేను చెప్పగలను గానీ, ఇది నీకెందుకు ముఖ్యం అని ప్యానెల్ అడిగితే నా దగ్గర జవాబు లేదని చెప్పింది.

పోటీ దగ్గరపడుతుండగా, ఒక శనివారం పొద్దున నాకు ఫోన్ వచ్చింది.

"మేడమ్, డిస్టర్బ్ చేస్తున్ననా? ఒక డౌట్ ఉండె."

వెంకటరమణ గారు. పోటీలో మాట్లాడటం లేకపోయినా పిల్ల ఇంకా అదే పనిగా ఏం చదువుతోందో చూద్దామని ఆమె పక్కన కూర్చున్నారట. రాజ్యాంగం, దాని సవరణలు మొదటి నుంచి చివరి దాకా చదివారట. ఆఫీసులో ఆయన పని అదే కదా. పెద్ద పెద్ద పత్రాలు చదివి, ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాసి ఉంటే పట్టుకోవడం. అలాంటి తప్పుని వాళ్లు బగ్ అంటారు.

"ఒక కాడ సిటిజన్ అని రాసిన్రు, ఇంకో కాడ పర్సన్ అని రాసిన్రు. ఇది కావాలని రాసిందా మేడమ్, బగ్గా?"

"కావాలనే రాశారండీ. పెద్ద పదవుల దగ్గర, తరవాత చేర్చిన ఓటు సవరణల దగ్గర సిటిజన్ అని ఉంటుంది. న్యాయవిచారణ లేకుండా ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి తీసుకోకూడదన్న చోట పర్సన్ అని ఉంటుంది."

"అంటే డిజైనే అట్లున్నది."

"అవునండీ."

"మరి మీరు ఆ రోజు నాకెందుకు చెప్పలే?"

"మీరు అడిగింది గ్యారంటీ. ఇది గ్యారంటీ కాదు కదండీ."

సరే మేడమ్, అని ఫోన్ పెట్టేశారు. సోమవారం హాసిని అనుమతి పత్రం తెచ్చి ఇచ్చింది. ప్రయాణానికి సంతకం ఉంది. ఫొటోలకి, వీడియోకి ఒప్పుకునే చోట గట్టిగా కొట్టేసి ఉంది. బడి నియమాల ప్రకారం ఆ రెండూ వేర్వేరు. ఆమె భాగం జరిగేటప్పుడు కెమెరాలు పెట్టకుండా నిర్వాహకులతో మాట్లాడి ఏర్పాటు చేశాను. ఎమిలీ ఆ వార్త విని ఊపిరి పీల్చుకుంది.

పోటీ అట్లాంటాలో ఒక కాలేజీ హాల్లో జరిగింది. వెంకటరమణ గారు కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. ప్యానెల్‌లో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న నల్లజాతి పెద్దావిడ రిటైరైన జడ్జి. హాసిని తన ప్రకటన చదివింది. ఆ తరవాత ఇంగ్లిష్‌లో జరిగిన మాటలు నాకు గుర్తున్నంతవరకూ ఇవి.

"ఈ రాజ్యాంగంలో నువ్వు ఉన్నావా?" అని జడ్జి గారు అడిగారు.

"సిటిజన్ అన్నచోట లేను, మేడమ్. పర్సన్ అన్నచోట ఉన్నాను."

"బాగుంది. కానీ బానిసలుగా ఉన్న మా పూర్వీకుల్ని కూడా అదే రాజ్యాంగం పర్సన్స్ అనే రాసింది. ఆ మాట రాసిపెట్టి, చట్టసభ సీట్ల కోసం తీసే జనాభా లెక్కలో ఒక్కొక్కరినీ మనిషిలో ఐదింట మూడు వంతులుగా లెక్కగట్టింది. ఆ మాట వాళ్లని కాపాడలేదు. నిన్ను కాపాడుతుందా?"

ఈ ప్రశ్నకి మేము తయారుకాలేదు.

"నాకు తెలియదు, మేడమ్," అంది. "మాట ఒక్కటే ఎవరినీ కాపాడదనుకుంటాను. కానీ అది కాగితం మీద ఉండిపోయింది. మీ పూర్వీకులు దాన్ని పట్టుకుని అడిగారు. అడిగి, కాగితాన్ని మార్పించారు. వాళ్లు మార్పించిన కాగితమే ఇప్పుడు నేను చదువుతున్నాను. కాబట్టి నేను ముందు మీ పూర్వీకులకి థాంక్స్ చెప్పాలి."

జడ్జి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఇంకేమీ అడగలేదు.

మాకు రెండో స్థానం వచ్చింది. పై పోటీకి మొదటి జట్టే వెళుతుంది. మా పిల్లలు బస్సు దాకా ముఖాలు వేలాడేసుకునే నడిచారు. అంతకుముందే, మేమింకా హాల్లో ఉండగా జడ్జి గారు కిందికి వచ్చి, మాటల్ని ఇంత దగ్గరగా చదవడం ఎవరు నేర్పారని హాసినిని అడిగారు. ఆమె నన్ను చూపించి, తరవాత వెనక వరసలో ఉన్న వాళ్ల నాన్నని చూపించింది. ఆయన కంగారుగా లేచి నిలబడ్డారు. జడ్జి గారు అక్కడి దాకా నడిచి వెళ్లి చెయ్యి కలిపారు.

"ఏమన్నారండీ ఆవిడ?" అని తరవాత అడిగాను.

"తెల్వనిది తెల్వదని చెప్పింది మీ బిడ్డ, అది కోర్టుల తక్కువ వింటం అన్నది మేడమ్." "నేను ఆమెకు ఏం చెప్పాల్నో తెల్వక థాంక్యూ అన్న," అన్నారు.

హాసినికి ఇరవై ఒకటి నిండే నాటికి వాళ్ల కార్డు రాలేదు. ఆమె స్టూడెంట్ వీసాకి మారి చదువు సాగించింది. ఇప్పుడు లా చదువుతోంది. మిసెస్ పార్కర్ నాకంటే ముందే రిటైరయ్యారు. నేనూ రిటైరయ్యేటప్పుడు ఆవిడ ఇచ్చిన పెట్టెని నా తరగతి గదిలోకి వచ్చిన కొత్త టీచరుకి ఇచ్చి వచ్చాను.

ఆ ఏడు నేను నేర్చుకున్నది ఇది. మూల పత్రాన్ని పిల్లల ముందు పెట్టినప్పుడు, అందులో లేని భరోసాని టీచరు తన వైపు నుంచి కలపకూడదు, ఉన్నదాన్ని దాచనూ కూడదు. అంతవరకు చేస్తే చాలు. మిగతాది చదివేవాళ్లు చూసుకుంటారు. ఒక్కోసారి వాళ్ల తల్లిదండ్రులు కూడా.