గొర్రెల దొడ్డి పక్కన రేడియో

ఉద్యోగకాలమంతా నా చొక్కా జేబులో ఉన్న టెస్టర్ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగిన వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు, ఎండాకాలంలో, నన్ను నందికొండ వర్క్‌షాపు నుంచి అచ్చంపేటకు బదిలీ చేశారు. హోదా గ్రేడ్ టూ ఆటో ఎలక్ట్రీషియన్. ప్రభుత్వ జీపుల్లో బ్యాటరీ మొదలు బ్రేక్ లైటు దాకా తీగ ఉన్న ప్రతిదానికీ నేను జవాబుదారిని. ఇంజను జోలికి పోకూడదు, అది మెకానిక్ సొత్తు. రేడియో మాత్రం ఎవరి సొత్తూ కాదు. శాఖ ఇవ్వదు, డ్రైవర్లే సొంత ఖర్చుతో బిగించుకుంటారు. అందుకే బండి పనికిరాదని రాసి వేలం వేసేటప్పుడు స్టెప్నీ, జాకీ ఉన్నాయో లేదో చూస్తారు గానీ రేడియోను ఎవరూ విప్పరు.

అలా రేడియోతో సహా వేలంలో పోయిన పాత డీజిల్ జీపును, అడవి అంచున గొర్లు కాచుకునే మల్లయ్య కొన్నాడు. దాణా మోయడానికని కొన్నా, ఆ జీపు అసలు ఉద్యోగం చీకటి పడ్డాక మొదలయ్యేది. దొడ్డి పక్కన నిలిపి, రేడియో పెట్టి, తెల్లారేదాకా అట్లాగే వదిలేసేవాడు. అంతకు ముందు ఏడు చిరుత ముళ్లకంప దూకి గొర్లను ఎత్తుకుపోయింది. జీపు వచ్చాక మళ్లీ రాలేదు.

ఒక ఆదివారం అతను జీపును మా క్వార్టర్ ముందు ఆపాడు.

“సారూ, గుంతల పడ్డప్పుడల్లా రేడియో బంద్ అయితాంది. గుద్దితె మల్ల పలుకుతది. రాత్రి నేను పండుకుంటె ఎవడు గుద్దాలె?”

“చిరుతకే చెప్పరాదు? వచ్చినప్పుడు ఒక దెబ్బ వేసి పోతది,” అన్నాను.

అతను నవ్వలేదు. “పరాచికాలు కాదు సారూ. ఇది బంద్ అయిననాడు నా మంద పాయె. గొర్లు తప్ప నాకు గుంట జాగ లేదు.”

వెనక సీట్లోంచి అతని భార్య ఎల్లమ్మ అందుకుంది. “పాటలు అయిపోయినంక గుయ్యిమని ఒకటే మొత్తుకుంటది అన్నా. నాకు కన్ను మూతపడదు. అది గూడ జర సూడు.”

ఫిర్యాదులు రెండు. మా పనిలో ముందు ఫ్యూజు చూస్తాం, తర్వాత ఎర్త్ తీగ, చివరికి సెట్టు విప్పుతాం. ఫ్యూజు బాగుంది. ఎర్త్ తీగ తుప్పు పట్టింది, గీకి బిగించాను. సెట్టు లోపల మాత్రం టంకాలు పగిలి, వాల్యూమ్ తిప్పే బిళ్ల అరిగిపోయి ఉంది. అలాంటి బిళ్ల నార్కట్‌పల్లి పాత సామాన్ల దుకాణాల్లో కూడా దొరకడం మానేసింది. కొత్త సెట్టు పెట్టక తప్పదన్నాను. మల్లయ్య సరే అన్నాడు.

పని మాత్రం దొంగతనం లేకుండా చేశాను. తాళంచెవి తీసినా ఆగకుండా బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగి, దానికి విడిగా ఫ్యూజు పెట్టాను. ఏరియల్ మార్చాను. రాళ్లబాటలో తిప్పి చూస్తే ఒక్కసారి కూడా ఆగలేదు. పాట గాజుగ్లాసులో నీళ్లలా వచ్చింది.

“ఇంత మంచిగ పాడితే చిరుత పోదు మల్లయ్యా, కూసుని వింటది,” అన్నాను. ఈసారి నవ్వాడు. అతను నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ వారంలోనే ఒకరోజు పొద్దున్నే మల్లయ్య దగ్గర్నుంచి ఫోను వచ్చింది. “ఓసారి రారాదు సారూ,” అన్నాడు. ఫోను పెట్టేశాడు.

నేను వెళ్లేసరికి అటవీ సిబ్బంది పంచనామా రాస్తున్నారు. చిరుత గొంతు కొరికినవి కొన్నే. మిగతావి బెదిరి ఒక మూలకు తోసుకుని, ఒకదాని మీద ఒకటి పడి, ఊపిరాడక చచ్చిపోయాయి. పక్కన జీపులో రేడియో భక్తిపాటలు పాడుతోంది.

“రేడియో ఆగలే సారూ,” అన్నాడు మల్లయ్య. “నేను లేసినప్పుడు గూడ పాడుతాంది. మరెట్ల వచ్చె?”

“రాత్రి సప్పుడే లేకుండె,” అంది ఎల్లమ్మ. “ఎన్నాళ్లకో మొద్దునిద్ర పోయిన.”

నేను జీపులో కూర్చుని, స్టేషను లేని చోటికి ముల్లు జరిపాను. రేడియో నోరు మూసుకుంది. అప్పుడు అర్థమైంది. పాత సెట్టు స్టేషను అందకపోతే గుయ్యిమంటుంది. కొత్త సెట్లలో, స్టేషను అందనప్పుడు వినేవాళ్ల చెవి నొప్పి పెట్టకుండా స్పీకరును ఆపేసే ఏర్పాటు ఉంటుంది. రాత్రి ప్రసారాలు ముగిశాక తెల్లారేదాకా దొడ్డికి కాపలా ఉన్నది పాట కాదు, ఆ గుయ్యిమనే మోతే. కొత్త రేడియోలో ఏ లోపమూ లేదు. అది స్టేషనుతో పాటు ఊరుకుని, స్టేషనుతో పాటు మేలుకుంది. నేను దాన్ని పట్టపగలు, అన్ని స్టేషన్లూ పలికే వేళ పరీక్షించాను. మా పనిలో అందరం అంతే చేస్తాం.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మల్లయ్య చివరిదాకా విన్నాడు.

“అంటె గా మొత్తుకునుడే కావలి కాసిందన్నట్టు.”

ఎల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అతను ఆమె వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. జీపు దగ్గరికి వెళ్లి కిందికి వంగి చూశాడు. చక్రం చాటున ముడుచుకుని ఉన్న ఒక గొర్రెపిల్లను బయటికి లాగి, తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. అది అరిచింది.

పాత సెట్టు నా దగ్గరే ఉంది, ఎట్లాగోలా అతికి మళ్లీ బిగిస్తానన్నాను. “దేనికి కావలి పెట్టాలె సారూ?” అన్నాడు.

వానలు పడకముందే జీపును తుక్కుకు అమ్మి, ఇద్దరూ హైదరాబాదులో కడుతున్న ఏదో అపార్టుమెంటుకు కావలిగా వెళ్లిపోయారు.

ఆ తర్వాత, నడుము నొప్పితో ముందుగానే ఉద్యోగం విరమించుకునే దాకా, నేను రెండు పనులు మానలేదు. ఏ రేడియోనైనా స్టేషను లేని చోట కూడా పెట్టి చూసేవాణ్ని. జాబ్ కార్డులో మోత అని లోపం రాసే ముందు, ఆ మోత ఉన్న చోట ఏం పని చేస్తోందని బండి డ్రైవరును అడిగేవాణ్ని. చాలామంది నాకు మతి పోయిందనుకున్నారు.

ఇక మొదట్లో చేసిన ప్రమాణం సంగతి. ఒక్కటి కల్పించాను. మల్లయ్య జీపు కిందికి వంగి చూసిన మాట నిజం. చాలాసేపు చూశాడు. అక్కడ గొర్రెపిల్ల లేదు.