ఎస్తేరమ్మ సిస్టర్ చుక్కల లెక్క

బీపీ చూసే పట్టీ చేతికి బిగుసుకుని, లోపల నరం దబదబ కొట్టుకుంటే చాలు, నాకు నిజామాబాద్ ఆసుపత్రిలో నేను పనిచేసిన మగవాళ్ల వార్డూ, ఎస్తేరమ్మ సిస్టరూ గుర్తొస్తారు. డెబ్బైల్లో నేను అక్కడ కొత్త నర్సుని, ఆమె వార్డు ఇన్‌చార్జి. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆదివారం చర్చిలో పాడినా, వార్డులో మమ్మల్ని మందలించినా అదే గొంతు.

రక్తనాళాలను వదులు చేసే మందును సీసాలో కలిపి ఎక్కించాల్సి వస్తే ఆమెదొక పద్ధతి. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో ఆమె ఒక కాగితం మీద, నేను ఒక కాగితం మీద, ఒకరిది ఒకరు చూడకుండా లెక్క కట్టాలి. రెండూ కలిస్తేనే సూది గుచ్చడం. మొదట్లో నాకు ఒళ్లు మండేది. నా లెక్క మీద నమ్మకం లేదా అని అడిగేశాను కూడా. "నా లెక్క మీద నాకే లేదు బిడ్డా," అన్నారు.

ఒకరోజు చందూర్ నుంచి సాయిలు అనే చెరకు రైతును తెచ్చారు. బీపీ విపరీతంగా పెరిగి ఊపిరాడటం లేదు. డాక్టరు ఆ మందే రాశారు. మా లెక్కలు కలిశాయి, చుక్కలు నెమ్మదిగా పడుతున్నాయి. సిస్టర్ మాటిమాటికీ బీపీ చూస్తున్నారు. అది కొద్దికొద్దిగా దిగుతుంటే సాయిలు మాటల్లో పడ్డాడు. ఇంతలో పక్క మంచం వాళ్లు పిలిస్తే ఇద్దరం అటు తిరిగాం. సాయిలు భార్య గంగవ్వ తొందర మాకు తర్వాత తెలిసింది. చెరకు కొట్టమని ఫ్యాక్టరీ నుంచి చిట్టీ వచ్చిందట, వంతు తప్పితే పంట చేలోనే ఎండిపోతుంది. మా వైపు సీసా ఎక్కించడమంటే బలం ఎక్కించడమే కదా. అది జల్ది అయిపోతే పెనిమిటి జల్ది లేస్తాడనుకుని, గొట్టం మీద చుక్కల్ని అదుపు చేసే స్క్రూ వదులు చేసింది.

మేము తిరిగి చూసేసరికి సాయిలు ఒళ్లంతా చెమట, కళ్లు తేలేశాడు. ఎవరు చేశారు, ఏమిటి అని సిస్టర్ అడగలేదు. ముందు స్క్రూ బిగించి మందు ఆపారు. డాక్టరుకు కబురు పంపి, మంచం కాళ్లవైపు ఎత్తించి, పట్టీ బిగించి వింటూ నిలబడ్డారు. కాసేపటికి సాయిలు కళ్లు తెరిచి నీళ్లడిగాడు.

ఆ స్క్రూ తిప్పింది తనేనని గంగవ్వ చెప్పింది. అప్పుడు నాకు కోపం నషాళానికంటింది. గంగవ్వను బయటికి పంపేద్దామన్నాను. సిస్టర్ ఆమె ఎదుటే నాతో అన్నారు: "ఇద్దరం లెక్క చూసుకున్నం. పక్కన కూసున్న మనిషికి ఒక్క ముక్క చెప్పినమా? తప్పు నాది."

ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి అడిగారు. "కాల్వ తూములన్ని ఒక్కపారి ఎత్తితే చివరి మడికి నీళ్లందుతయా గంగవ్వా?"

"యాడందుతయి," అంది గంగవ్వ ఏడుస్తూ.

"గీ మందు ఒంట్ల తూములు ఎత్తుతది. జల్ది పోతే తలకాయకు రగతం అందది."

డాక్టరు మళ్లీ మొదలుపెట్టమన్నాక గంగవ్వ ఆ సీసా కింద కావలి కూర్చుంది. చుట్టాలెవరినీ దగ్గరికి రానివ్వలేదు. సాయంత్రం డాక్టరే వచ్చి స్క్రూ మీద చెయ్యి వేస్తే, లేచి ఆ చెయ్యి పట్టుకుంది. సిస్టరమ్మను పిలవమంది, లెక్క ఇద్దరు చెయ్యాలంది. ఆయన నవ్వి చెయ్యి తీసేశారు.

తర్వాత నేనూ ఇన్‌చార్జినయ్యాను. సీసా ముట్టుకునే ముందు స్టూలు మీది మనిషితో మాట్లాడటం మాత్రం ఎన్నడూ మానలేదు. పని తెలిసినవాళ్లను చాలామందిని చూశాను. తప్పు మోపడానికి ఎదురుగానే ఒక ఆడమనిషి ఏడుస్తూ ఉన్నా, "తప్పు నాది" అన్నవాళ్లను ఎస్తేరమ్మ సిస్టర్ ఒక్కరినే చూశాను.