కుడి తొండం వినాయకుడు

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాడి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో తిరుపతిలో బొమ్మల కోర్సు ముగించి చిత్తూరులో బస్సు దిగితే ఊరంతా కళ తెలియని గుంపులాగే కనిపించింది. ఇంట్లో అక్క పెండ్లి. కార్డులు తానే వేస్తానన్నాడు ప్రెస్సు మామ (అమ్మకు తమ్ముడు, శుభలేఖలు వేసే చిన్న ప్రెస్సు ఉండేది). ఆయన దగ్గరున్నవన్నీ కంప్యూటర్లోంచి ఊడిపడ్డ బంగారు రంగు వినాయకులు. ఇవి బొమ్మలా, మిఠాయి డబ్బా మూతలా అని ఈసడించి, కార్డు మీద వినాయకుణ్ణి నేనే లినో షీటు (అచ్చుబొమ్మలు చెక్కే రబ్బరులాంటి పలక) మీద చెక్కి అచ్చు వేస్తానన్నాను.

"మంచిదేలేప్పా. గీసిన బొమ్మని అద్దంలో సూసుకొని, అట్ల చెక్కు" అన్నాడు మామ. మిఠాయి డబ్బాలాయన నాకు పాఠం చెప్పడమా? విననట్టే వచ్చేశాను. షీటును మిద్దె మీద ఎండలో పెట్టి మెత్తబరిచి, పెన్సిలు బొమ్మను ఉన్నదున్నట్టు దాని మీదికి దించి, చిన్న ఉలితో చెక్కాను. చెక్కిన చోటు తెల్లగా ఉంటుంది, మిగిలిన చోటు సిరా పట్టుకుంటుంది. రోలరుతో సిరా పూసి, దాని మీద కార్డు పరిచి, కార్డు వెనకవైపు అమ్మ గరిటెతో రుద్ది మూడు వందలు వేశాను. మూడు వందల సార్లూ నేను మురిసింది సిరా నలుపును చూసి మాత్రమే.

మొదటి కార్డు కాణిపాకంలో స్వామి ముందు పెట్టాలి. అవ్వ దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "ఒరే, తొండం కుడిపక్కకు తిరిగిండాదే."

చెక్కిన బొమ్మ అచ్చులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా మారుతుందన్నది ఈ విద్యలో మొదటి పాఠం. తప్పయిందంటే సరిపోయేది. ఆ మాట నోట్లోంచి వస్తేగా. "కావాలనే అట్ల చేసినానవ్వా. అది కళ" అన్నాను.

"సరే నాయనా. కుడి తొండం సామిని ఇంటికి తెస్తే నియమంగా ఉండల్ల. తెచ్చినోడివి నువ్వు. పెండ్లయి పదార్రోజుల పండగ దాకా తెల్లార్తోనే చన్నీళ్లు పోసుకో, కోడీ మేకా ముట్టద్దు. పొరపాటంటావా, ఇప్పుడే చెప్పు. మామ వేరేవి వేస్తాడు."

పొరపాటు అనలేదు. నెలన్నర చన్నీళ్లు పోసుకున్నాను. పెండ్లి తర్వాత బంగారుపాళ్యంలో అక్క అత్తగారింట్లో విందు. అందరి ఆకుల్లో సంగటి, నాటుకోడి పులుసు. నా ఆకులో పెరుగన్నం. "ఏం బామ్మర్దీ, మాల వేసినావా?" అన్నాడు బావ. లినోకట్ బావా అని ఎలా చెప్పను?

వడ్డిస్తున్న అక్క నా చెవి దగ్గర వంగింది. "నువ్వు గీసిన పెన్సిలు కాగితం నా కాడ ఉండాది. దాంట్లో తొండం ఎడమకే ఉండాదిరా. ఎవురికీ సూపించలే." సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అక్క మీద అంత ప్రేమ అంతకు ముందెప్పుడూ కలగలేదు.

ఇప్పుడు నేనే తిరుపతిలో లినో నేర్పుతున్నాను. మొదటి రోజు అందరికీ తలా ఒక అద్దం ఇస్తాను (మామకు ఈ సంగతి చెప్పలేదు). ఆ పెన్సిలు బొమ్మ అక్క ఇంట్లో పటమై వేలాడుతోంది. ఎప్పుడు వెళ్లినా నన్ను సరిగ్గా దాని ఎదురుగానే కూర్చోబెట్టి నాటుకోడి వడ్డిస్తుంది.

"కావాలనే ఈడ కూర్చోబెట్టినాలే, తిను" అంటుంది. నేను తొండం వైపు చూడకుండా తింటాను.