దొరలింటి కప్ప

మొన్న వానకు నిండిన మా పాత ఇత్తడి గంగాళంలో తోకకప్పలు కనిపించాయి. చిన్నప్పుడు అందులోనే ఒకదాన్ని పెంచాను. కాళ్లు మొలుస్తుండగా అది మెతుకులు ముట్టడం మానేసింది.

"అవ్వా, గిది సచ్చిపోతదా?" అని నాయనమ్మ దగ్గర ఏడ్చాను.

"దొరలింటి కప్ప బిడ్డా! ఎవలన్న పెడితే తింటదా?" అని నవ్వింది.

నేను నమ్మాను. మేమూ ఎవరింటా చేయి కడిగేవాళ్లం కాదు. తాతలనాటి దొరల మేడ, మా గడి; దాని చెక్కడపు తలుపులు ఒక్కొక్కటే అమ్ముకుని బతికేవాళ్లం.

నోరు, పేగులు మారే రోజుల్లో కప్పకు తినడం కుదరదనీ, కరిగిపోయే తోకే దానికి తిండి అనీ పెద్దయ్యాక చదివాను. ఆనాడు తోక పూర్తిగా పోయాక నా కప్ప గంగాళం అంచెక్కి దోమను పట్టింది.

ఆఖరి తలుపు పోయాక నాన్న, మా బాపు, స్టేషన్ ఘన్‌పూర్‌లో కొలువుకు కుదిరాడు. తల ఎత్తుకునే వెళ్లాడు.