నీకొక్కదానికే

వరంగల్‌లో నేను పనిచేసిన చీరల షాపులోనే పనికి కాజీపేట నుంచి ఒక అక్క వచ్చేది. ఏదైనా చెప్పేముందు మోచెయ్యి పట్టుకుని, "జర దగ్గరికి రా. నీకొక్కదానికే చెప్తాన," అనేది. పేర్లు మార్చుకుంటూ ఇంటింటా మోసం చేసే ఒకావిడ సినిమా కథా అలాగే చెప్పింది. మాలో ఎవరూ చూడని సినిమా. చివరికి ఆవిడ చెల్లెలి దగ్గరికి చేరుతుందట. అక్కకు నేనే ఆ చెల్లెలిననుకుని మురిసిపోయాను.

షాపులో కొత్తగా చేరిన తల్లిలేని పిల్ల ఒకరోజు, "అక్క ఆ కథ నాక్కూడ చెప్పింది. ఆఖరికి బిడ్డ దగ్గరికి పోతది గదా?" అంది. నాకు కడుపు మండిపోయింది.

అక్క పని మానేశాక ఆ సినిమా ఫోన్‌లో దొరికింది. అందులో ఆవిడ ఎవరి దగ్గరికీ చేరదు. మోసం చేయబోయే ప్రతి ఆడమనిషి మోచెయ్యీ పట్టుకుని, "నీకొక్కదానికే చెబుతున్నా" అంటుంది.

అక్క మీద కోపం రావాలి. రాలేదు. అక్క ఆ పిల్ల మోచెయ్యిని నాదానికంటే ఎక్కువసేపు పట్టుకుందేమోనని మాత్రం ఇప్పటికీ కుళ్లుకుంటున్నాను.