బుడగ వాళ్లమ్మ పరిచిన దుప్పటి

దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని లాగి, దులిపి, ఎదురెదురుగా నడిచి చేతులు కలపాలి. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. మా లాండ్రీలో నా ఎదుటి కొస పట్టుకునేది బుడగ వాళ్లమ్మ. మా కబుర్లన్నీ ఆ నడకలోనే. దగ్గరికొచ్చినప్పుడు ఒక మాట, దూరమై మళ్లీ దగ్గరికొచ్చినప్పుడు దానికి జవాబు. నాకు నోట్లో నువ్వుగింజ నానదు, ఆ అమ్మాయేమో అడిగితే గానీ నోరు విప్పదు. అయినా మా జోడీ కుదిరింది.

మాకు ఆసుపత్రి దుప్పట్లు, లాడ్జీల దుప్పట్లు వస్తాయి. అన్నీ తెలుపే. ఉతికే హాలులోంచి ఆవిరి వచ్చి ఇస్త్రీ గదిలో తేలుతూ ఉంటుంది. పైకప్పు అద్దాల్లోంచి ఎండ పడితే గదంతా పాలు కలిపినట్టు అవుతుంది. తీగల మీద ఆరేసిన దుప్పట్లు ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతుంటే, మధ్యాహ్నం వేళ మనం మెలకువగా ఉన్నామో కునుకు తీస్తున్నామో మనకే తెలియదు. కొత్తగా చేరినవాళ్లు నిలబడే నిద్రపోతారు. నేను వీపు మీద ఒక్కటిచ్చి లేపుతాను.

బుడగ వాళ్లమ్మ పెళ్లికి ముందే ఇక్కడ చేరింది. ఇస్త్రీలో చెయ్యి తిరిగిన మనిషి. దుప్పటి మీద ఆవగింజంత మరక కనబడినా, అది పోయేదాకా ఆమెకి ముద్ద దిగదు. మొగుడు లారీ డ్రైవరు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే. కాన్పయ్యాక పసిదాన్ని చూసుకునే దిక్కులేక వెంటబెట్టుకుని వచ్చేది. ఆ పిల్ల దుప్పట్ల బుట్టలో పడుకుని పెరిగింది. సబ్బు బుడగలు హాలులోంచి తేలుతూ వస్తే వాటి వెంట నోరు తెరుచుకుని దోగాడేది. అందుకే బుడగ అన్నాను. ఆ పేరే నిలిచిపోయింది.

మా యజమానురాలు చెడ్డ మనిషేం కాదు గానీ, మరకంటే చాలు ఆవిడకి పూనకం వస్తుంది. మేం అన్నాలు తినేది ఇస్త్రీ బల్ల మీదే, వేరే చోటు లేదు. అందుకని ఒక రూలు పెట్టింది. ఆ గదిలోకి తెల్లటి తిండి తప్ప రాకూడదు. తెల్లన్నం, మజ్జిగ, రొట్టె, పాలు. పప్పూ కూరా తినాలనుకుంటే వెనక మెట్ల మీద ఎండలో నిలబడి తిని, సబ్బుతో చేతులు కడుక్కుని రావాలి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని పూటకోసారి అనకపోతే ఆవిడకి పొద్దుపోదు. చంటిపిల్లని చంకనేసుకుని మెట్ల మీద ఎవరు నిలబడతారు చెప్పండి? బుడగ వాళ్లమ్మ తెల్లన్నానికే అలవాటు పడింది. పిల్లకీ అదే అలవాటైంది.

అలా ఇలా అలవాటు కాదు. నాలుగో ఏడు వచ్చినా తెల్లనిది తప్ప నోట పెట్టదు. గుడ్డు పెడితే పచ్చసొన తవ్వి పక్కన పారేస్తుంది. పప్పు కలిపిన ముద్ద చూస్తే పెదాలు బిగించేస్తుంది. వాళ్లమ్మ కథలు చెప్పింది, బతిమాలింది, ఫోను చేతికిచ్చింది. ఒకనాడు విసిగిపోయి, తనూ ఏడుస్తూనే, నోట్లో కుక్కింది. తిన్నదంతా వాంతి అయింది. దానికి తిండి పెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చేది. చివరికి గ్లాసుడు పాలు పట్టించి, ఏదో ఒకటి కడుపులో పడిందిలే అనుకునేది. ఆకలి రుచెరగదంటారు. బుడగ ముందు సామెత కూడా ఓడిపోయింది.

పిల్ల రానురాను పాలిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బుట్టలో పడుకుంటే లేవదు. "ఈ తెలుపులో ఏది దుప్పటో ఏది పిల్లో తెలియడం లేదే" అని నేను నోరు జారాను. వాళ్లమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నా వంక చూసింది. ఆ మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఏమందే?" అన్నాను, దుప్పటితో ఎదురు నడుస్తూ.

"రక్తం లేదంది పిన్నీ." వెనక్కి వెళ్లింది. దులిపాం. మళ్లీ దగ్గరికొచ్చింది. "మందు రాసింది. పాలు బాగా తగ్గించమంది. పాలతోనే కడుపు నింపుకుంటే ఇంకేం తింటుందంది. బలవంతం చెయ్యొద్దు, మీరు తినేవే ముందు పెట్టి, దాంతోపాటు కూర్చుని మీరూ తినండంది."

"బాగానే చెప్పిందిగా. మరి ఆ మొహమేంటి?"

చేతులు కలిశాయి గానీ ఆమె కొస వదల్లేదు. "వచ్చే పరీక్షకి రక్తం పెరక్కపోతే ఆసుపత్రిలో చేర్చాలట. రక్తం ఎక్కించాల్సి రావచ్చట. ఈ దుప్పట్లు ఎక్కడివో తెలుసుగా పిన్నీ? వీటి మీద నా పిల్ల పడుకోవాలా?"

"ఛ, నోర్ముయ్! అవేం మాటలే!" అని కసిరాను. కసిరానే గానీ ఆ పూట ఏ దుప్పటి ముట్టుకున్నా ఆసుపత్రిదా లాడ్జీదా అని అంచు తిప్పి చూస్తూనే ఉన్నాను.

ఆ మందు నల్లటిది. బుడగ దాన్ని చూడగానే బల్ల కిందికి దూరేది. పట్టి పోస్తే ఉమ్మేసేది.

ఒక మధ్యాహ్నం ఆవిరి మరీ దట్టంగా ఉంది. ఇస్త్రీ వేడి ఇంకా చల్లారని దుప్పట్ల కుప్ప మీద బుడగ వెల్లకిలా పడుకుంది. దాని మీదుగా మేం దుప్పటి చాపుతున్నాం, తీస్తున్నాం. దుప్పటి కిందికి దిగినప్పుడల్లా అది కళ్లు మూసుకుని, లేచినప్పుడల్లా తెరుస్తోంది. ఆ ఆటంటే దానికి చిన్నప్పట్నుంచీ ప్రాణం.

"ఏమే బుడగా, ఆ మందు మింగితే నీ సొమ్మేం పోయిందే?" అన్నాను.

"మరకవుతుంది అమ్మమ్మా" అంది, నిద్రలో మాట్లాడినట్టు.

"గౌను మీద పడకుండా పోస్తాంలేవే."

"గౌనుకి కాదు." పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "ఇక్కడ, లోపల. లోపల మరకైతే ఎవరు ఉతుకుతారు?"

దుప్పటి మా ఇద్దరి మధ్య అలాగే ఉండిపోయింది. బుడగ కళ్లు మూసుకుని ఎదురు చూస్తోంది, మేం ఎత్తడం లేదు.

అప్పుడు తట్టింది మాకు. ఇది దోగాడే రోజుల్లో మెట్ల మీదికి పట్టుకెళ్తున్న ఎవరి డబ్బాలోంచో టమాటా ముక్క పట్టుకుంటే గదిలో ఉన్న ఆడవాళ్లం అందరం "మరక! మరక!" అని ఒక్కసారి అరిచాం. ముక్క లాక్కుని, వేళ్లు తుడిచి, మూతి తుడిచి, నాలుక కూడా తుడిచి గానీ వదల్లేదు. అదొక్కసారి కూడా కాదు. దుప్పట్ల కోసం అరిచామని మాకు తెలుసు. పసిదానికేం తెలుసు? రంగున్నదేదీ లోపలికి పోకూడదనుకుంది పిచ్చితల్లి. నాకు నవ్వు రాబోయింది. ఎదురుగా వాళ్లమ్మని చూసి ఆగిపోయాను. ఆమె చేతిలోని దుప్పటి కొసతో కళ్లు తుడుచుకుంటోంది.

సెలవు రోజున నన్ను భోజనానికి రమ్మంది. వాళ్లది ఒక్కటే గది. మూలన వంట, కిటికీ కింద మంచం. నేల మీద తెల్ల దుప్పటి పరిచి ఉంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి దుప్పటి అది. కొన్నాక ఒక్కసారి కూడా వాడలేదు. ఇస్త్రీ మడతలు ఇంకా నిలబడే ఉన్నాయి.

"పిచ్చి గానీ పట్టిందా నీకు? ఏ పాతదో పరవకూడదూ?" అన్నాను.

"పాతదైతే దానికి తెలిసిపోతుంది పిన్నీ. ఎలాగూ పాడైందేగా అనుకుంటుంది."

దుప్పటి మధ్యలో గిన్నెలు పెట్టింది. పచ్చటి పప్పు, పాలకూర, బీట్‌రూట్, క్యారెట్. బుడగ కంచంలో తెల్లన్నం పెట్టి, పక్కనే అన్నీ తలా కాస్త పెట్టింది. ముగ్గురం కూర్చున్నాం. అప్పుడు ఆ అమ్మాయి, మరక చూస్తే ముద్ద దిగని ఆ అమ్మాయి, బీట్‌రూట్ గరిటె తీసి దుప్పటి మీదికి వంచింది. ఎర్రటి చుక్కలు టపటపా పడ్డాయి.

"మరకా!" అని కెవ్వుమంది బుడగ. లేచి సబ్బు కోసం పరుగెత్తింది. నేను కూడా సగం లేచాను, అలవాటు ఎక్కడికి పోతుంది!

"ఉండనీ తల్లీ. అన్నం తింటున్నాంగా" అంది వాళ్లమ్మ. గొంతు మామూలుగానే ఉంది. చూపు మాత్రం ఆ చుక్కల మీదికి పోనివ్వడం లేదు.

ఆ రోజు బుడగ కాళ్లు ముడుచుకుని, దుప్పటి అంచు మీద కూర్చుని, తెల్లన్నం నాలుగు మెతుకులు తింది. అంతే. వాళ్లమ్మ తినమనలేదు. పాలు కూడా కలపలేదు. నాకైతే ప్రాణం కొట్టుకులాడింది. "ఒక్క ముద్ద పెట్టవే" అని సైగ చేస్తే, కళ్లతోనే నన్ను గదిమింది. ఆ అమ్మాయికి అంత కోపం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

రోజూ సాయంత్రం అదే దుప్పటి పరిచేది. మధ్యాహ్నాలు పిల్లని తీసుకుని వెనక మెట్ల మీదికి వెళ్లి, ఎండలో పప్పన్నం తినేది. నేనూ వెనకే పోయేదాన్ని. యజమానురాలు కిటికీలోంచి చూసి సామెత అందుకోబోయేది, నా మొహం చూసి ఊరుకునేది.

కొన్నాళ్లకి బుడగ కాళ్లు దుప్పటి మీదికి వచ్చాయి. ఇంకొన్నాళ్లకి, నేను మళ్లీ భోజనానికెళ్లిన నాడు, బీట్‌రూట్‌లో వేలు ముంచి దుప్పటి మీద సున్నాలు చుట్టింది. ఆ వేలు నోట్లో పెట్టుకుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది, ఎవరు ముందు అరుస్తారా అని. మేం తలలు వంచుకుని తింటున్నాం. వాళ్లమ్మ మెల్లగా నాలుక బయటపెట్టింది. ఎర్రగా ఉంది. నేనూ పెట్టాను, ఈ వయసులో! బుడగ స్టీలు గిన్నె మూత ఎత్తి, అందులో తన నాలుక చూసుకుని, కిలకిలా నవ్వింది. ఆ వారంలోనే మందు తనే చెంచాలో పోసుకుని, మొహం వంకర్లు తిప్పి మింగింది.

పరీక్ష నాడు పనిలో నా కళ్లన్నీ గుమ్మం మీదే. రాగానే ఎదుటి కొస పట్టుకుంది.

"పెరిగింది పిన్నీ. కాస్తే. ఆసుపత్రి అక్కర్లేదంది."

"మరి నవ్వవేమే, మొద్దూ!"

"మందు వల్లేమో అనిపిస్తోంది. ముట్టుకుంటుంది, నాకుతుంది, రెండు ముద్దలు తిని లేస్తుంది. పుట్టినప్పట్నుంచీ అది నన్ను అన్నం అడగలేదు పిన్నీ. ఎప్పుడూ నేను వెంటపడటమే. ఒక్కసారి అదే అడిగితే..." అని వెనక్కి వెళ్లిపోయింది. తిరిగి దగ్గరికొచ్చినా ఆ మాట పూర్తి చెయ్యలేదు.

సాయంత్రం నన్నూ ఇంటికి లాక్కెళ్లింది. కిటికీలోంచి ఎండ వాలుగా పడుతోంది. పప్పూ అన్నం కలుపుకుని ఎవరి కంచంలో వాళ్లం తింటున్నాం. వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు మోగి దూరమైంది. బుడగ వేళ్లు నాక్కుంటోంది. నాకడం అయ్యాక ఖాళీ కంచం రెండు చేతులా ఎత్తి వాళ్లమ్మ ముందుకి చాపింది.

"అమ్మా, ఇంకా."

వాళ్లమ్మ గరిటె తీసుకుంది. కళ్ల నిండా నీళ్లు, కంచం ఎక్కడుందో కనబడలేదు కాబోలు. పప్పంతా పక్కన, దుప్పటి మీద పోసింది.

బుడగ ఆ పచ్చటి మడుగు చూసింది, ఏడుస్తున్న వాళ్లమ్మని చూసింది. ఎడం చేత్తో ఆమె చెంప తుడిచింది.

"ఏడవకమ్మా, మరకేగా" అంది, కంచం ఇంకాస్త దగ్గరికి జరుపుతూ.